ఖాళీ అయిన కలుగు ఎవరిది? పిల్ల ఎలుకల స్థల వినియోగంపై ఒక అభిప్రాయం

కొత్తవాడలో నేను నివసించే వీధిలో ఇప్పటికీ మగ్గాల చప్పుడు వినిపిస్తుంది. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానాలకు పేరు తెచ్చిన వాడల్లో ఇది ముఖ్యమైనది. నూలు కండెలు, చుట్టి పెట్టిన జంపఖానాలు, గోడవారగా పాత కర్ర సామాను ఉన్న ఇళ్లలో ఎలుకలు లేకుండా ఉండవు. కొన్నేళ్ల క్రితం ఒక సాయంత్రం, మా పక్కింటి వృద్ధ నేతకారుడు బోనులో పడిన పెద్ద ఎలుకను బయట పారవేసి వస్తూ నాతో ఒక మాట అన్నాడు. "పెద్దదాన్ని పట్టినంక నాలుగొద్దులు సప్పుడుండది సారూ. అటెన్క పిల్లలు ఇల్లంత తిరుగుతయి."

ఆ మాటను నేను నవ్వి వదిలేశాను. అప్పటికి నేను ఇరవై ఏళ్లకు పైగా వరి సాగుపై పరిశోధన చేస్తున్నాను. ఎలుకల నష్టాన్ని లెక్కగట్టాను, విషపు ఎరల మోతాదులను సిఫారసు చేశాను. కాని ఒక పెద్ద ఎలుక చనిపోయిన తరువాత ఆ స్థలం ఎవరి వశమవుతుందన్న ప్రశ్న నా పరిశోధనలో ఎన్నడూ రాలేదు. మగ్గం గుంటలో కూర్చున్న మనిషికి కనిపించిన విషయం పొలంలో నిలబడిన నాకు ఎందుకు కనిపించలేదన్నదే ఈ వ్యాసానికి మూలం.

నా అభిప్రాయాన్ని ముందుగానే చెబుతాను. మన ఎలుకల నియంత్రణ సిఫారసులు పెద్ద ఎలుకల మరణాన్ని లెక్కిస్తున్నాయి గాని, పిల్ల ఎలుకల కదలికను లెక్కించడం లేదు. పిల్ల ఎలుక పుట్టిన చోటనే ఉండాలా, వెళ్లిపోవాలా, వెళితే ఎంత దూరం వెళ్లాలి అన్నవి తిండి, నీరు, నేల స్వభావాల మీద మాత్రమే ఆధారపడవు. చుట్టూ ఎన్ని ఎలుకలున్నాయి, అవి ఎవరు, తల్లి ఉందా లేదా అన్న సామాజిక పరిస్థితుల మీద కూడా ఆధారపడతాయి. విషం పెట్టిన ప్రతిసారీ ఆ సామాజిక పరిస్థితులను మనమే మారుస్తున్నాం. మార్చిన తరువాత ఏమి జరుగుతుందో మాత్రం చూడడం లేదు.

మన పొలాల ఎలుకలు

వరంగల్ ప్రాంతపు వరి, మొక్కజొన్న, వేరుశనగ పొలాల్లో ప్రధానంగా కనిపించేవి చిన్న పందికొక్కు (బాండికోటా బెంగాలెన్సిస్), మెత్తని బొచ్చు ఎలుక (మిల్లార్డియా మెల్టాడా), జెర్బిల్ జాతికి చెందిన టటేరా ఇండికా, చిట్టెలుక (మస్ బూడుగ). వీటిలో వరికి అత్యధిక నష్టం కలిగించేది చిన్న పందికొక్కు. మన తెలుగు మాట 'పందికొక్కు' నుంచే ఆంగ్లంలోని 'బాండికూట్' పుట్టిందని, ఆ జాతి శాస్త్రీయ నామంలో కూడా ఆ మాటే ఉందని మన విద్యార్థుల్లో చాలా మందికి తెలియదు. పేరు మనదైనా ఆ జంతువు సంఘజీవనం గురించి మనం చదివింది తక్కువ.

చిన్న పందికొక్కు కలుగును ఇతరులతో పంచుకోదు. సాధారణంగా ఒక కలుగులో ఒక పెద్ద ఎలుకే ఉంటుంది. ఆడ ఎలుక ఈనినప్పుడు మాత్రం తల్లీపిల్లలు కలిసి ఉంటారు. గట్టు లోపల సొరంగాలు తవ్వి, వరి కంకులను అరల్లో నింపుకుంటుంది. గర్భధారణ కాలం సుమారు మూడు వారాలు, పిల్లలు పాలు మానడానికి మరో నాలుగు వారాలు. ఈ రెండింటిని వరి పంట కాలంతో పోల్చి చూడండి. పొట్ట దశ నుంచి కోత వరకు దాదాపు నెలన్నర పడుతుంది. పైరు పొట్టకు వచ్చినప్పుడు కట్టిన గర్భం తాలూకు పిల్లలు కోతల సమయానికి కలుగు విడిచి బయటకు రావడానికి సిద్ధంగా ఉంటాయి.

సరిగ్గా అదే సమయానికి కోత యంత్రం వస్తుంది. ఒక్క పూటలో మడి బోసిపోతుంది. పిల్లలకు మిగిలేవి గట్లు, గడ్డి కుప్పలు, కాలువ ఒడ్లు, చెరువు కట్ట, ఇంకా కోయని పక్క పొలం. ఆ తరువాత యాసంగి దమ్ముకు నీళ్లు పెడితే మడి అంతా మునిగి, గట్టు ఒక్కటే పొడి నేలగా మిగులుతుంది. అంటే ఎలుకల సంఘంలో పిల్లల సంఖ్య అత్యధికంగా ఉన్నప్పుడే వాటికి లభించే స్థలం అత్యల్పంగా ఉంటుంది. ఈ ఇరుకులో ఎవరు నిలుస్తారు, ఎవరు తరిమివేయబడతారు అన్నది నిర్ణయించేది ఆ సంఘమే.

సాంగత్యం స్థలాన్ని ఎలా నిర్ణయిస్తుంది?

ఈ విషయంపై ఇతర దేశాల్లో అర్ధశతాబ్దానికి పైగా పరిశోధన జరిగింది. 1980లో పాల్ గ్రీన్‌వుడ్ ప్రచురించిన సమీక్ష, క్షీరదాల్లో సాధారణంగా మగ పిల్లలు పుట్టిన చోటును విడిచిపోతాయని, ఆడ పిల్లలు తల్లికి సమీపంలో ఉండిపోతాయని చూపింది. అమెరికాలోని బెల్డింగ్ నేల ఉడుతలపై కే హోల్‌కాంప్ చేసిన అధ్యయనం దీనికి మంచి ఉదాహరణ. తగినంత శరీర బరువు సంతరించుకున్న తరువాత మగ పిల్లలు దాదాపు అన్నీ వెళ్లిపోతాయి, ఆడ పిల్లలు తల్లి పరిసరాల్లోనే స్థిరపడతాయి. కాని ఇది అన్ని జాతులకూ వర్తించే నియమం కాదు. అమెరికా గడ్డి మైదానాల్లోని ప్రెయిరీ వోల్ అనే ఎలుకజాతి జీవిలో అధిక భాగం పిల్లలు, ఆడైనా మగైనా, పుట్టిన గూటిలోనే ఉండిపోతాయి.

ఒకే జాతిలో కూడా పరిస్థితిని బట్టి ప్రవర్తన మారుతుంది. దక్షిణాఫ్రికాలోని చారల ఎలుక (రాబ్డోమిస్ పుమిలియో) మీద కార్స్టన్ ష్రాడిన్ బృందం చేసిన పరిశోధన మనకు అత్యంత ఉపయోగకరమైనది. చుట్టూ ఎలుకలు కిక్కిరిసి, ఖాళీ స్థలం లేనప్పుడు పెరిగిన పిల్లలు కూడా కుటుంబ గూటిలోనే ఉంటాయి. సాంద్రత తగ్గితే అవే పిల్లలు గూడు విడిచి ఒంటరిగా సొంత స్థలం ఏర్పరచుకుంటాయి. పరిశోధకులు కృత్రిమంగా సాంద్రతను తగ్గించి చూసినప్పుడు కూడా ఇదే జరిగింది. ఇరుగుపొరుగును తొలగిస్తే, అప్పటిదాకా ఆగి ఉన్నవి కదిలాయి.

అదే విషయాన్ని మరో వైపు నుంచి చూపినవి ఆవరణ ప్రయోగాలు. జాన్ కాల్హూన్ అమెరికాలో పావు ఎకరం, అంటే మన లెక్కలో పది గుంటల ఆవరణలో, అడవి గోధుమ రంగు ఎలుకలను ఉంచి, తిండికి లోటు లేకుండా చూశాడు. జననాల వేగాన్ని బట్టి ఐదు వేల పెద్ద ఎలుకలు ఉండవలసిన చోట, 27 నెలల చివరకు 150 మాత్రమే ఉన్నాయని 1962లో రాశాడు. కొరత తిండికి కాదు. ఎడతెగని సామాజిక ఒత్తిడిలో తల్లులు పిల్లలను సాకలేకపోవడం వల్ల పిల్లల మరణాలు విపరీతంగా పెరిగాయి. చార్లెస్ క్రెబ్స్, ఆయన సహచరులు 1969లో ప్రచురించిన ఇండియానా ప్రయోగంలో, కంచె వేసి వలస మార్గం మూసిన పొలంలో వోల్‌ల సంఖ్య బయటి పొలాల కంటే ఎంతో పెరిగి, గడ్డి నశించే దాకా వెళ్లింది. వలస ఆగితే సంఖ్య అదుపు తప్పుతుందని, అంటే పిల్లలు బయటకు పోవడమే మామూలు పరిస్థితుల్లో ఒక నియంత్రణ సాధనమని ఈ ప్రయోగం తెలిపింది.

ఈ రెండు ఆవరణల ఫలితాలు ఒకటి కావు. జాతి వేరు, నేల వేరు. కాని రెండింటి నుంచి మనం గ్రహించవలసినది ఒకటే. ఒక పొలంలో ఎలుకల సంఖ్య ఆ పొలంలోని తిండిని బట్టి మాత్రమే తేలదు. పొలం హద్దులు దాటి ఎవరు వస్తున్నారు, ఎవరు పోతున్నారు అన్నది అంతే ముఖ్యం.

నా పొరపాటు

ఇప్పుడు నా స్వంత పొరపాటును చెప్పాలి. పరిశోధకుడిగా తొలి సంవత్సరాల్లో నేను ఎలుకల ఎరలపై ఒక క్షేత్ర ప్రయోగం నిర్వహించాను. సస్యశాస్త్రజ్ఞుడికి అలవాటైన పద్ధతిలోనే చేశాను. యాదృచ్ఛిక ఖండాల నమూనా, కొన్ని మడుల్లో ఎర, కొన్నింటిలో ఎర లేకుండా, ప్రతి చర్యకు పునరావృత్తులు. సాయంత్రం కలుగులన్నీ మట్టితో మూసి, మరునాడు ఉదయం తిరిగి తెరుచుకున్న వాటిని సజీవ కలుగులుగా లెక్కించాను. ఎర పెట్టిన మడుల్లో మొదట సంఖ్య పడిపోయింది. మూడు వారాల తరువాత మళ్లీ పెరిగింది. ఎర పెట్టని మడుల్లో తగ్గింది. ఎర ప్రభావం తాత్కాలికమని, మోతాదు లేదా మందు మార్చాలని నివేదిక రాశాను.

ఇప్పుడు ఆ నివేదికను చదివితే తల వంచుకోవలసి వస్తుంది. ఎరువుల ప్రయోగంలో ఒక మడిలో వేసిన నత్రజని పక్క మడిలోకి పోకుండా గట్టు అడ్డుకుంటుందని మనం నమ్ముతాం. కాని ఎలుకకు గట్టు అడ్డు కాదు, అదే దాని ఇల్లు. నా 'చర్య' మడికి, 'చర్య లేని' మడికి మధ్య ఉన్న గట్టు మీద నివసించే ఎలుక ఏ మడికి చెందుతుంది? ఎర పెట్టిన చోట పెద్ద ఎలుకలు చనిపోతే, పక్క మడిలోని పిల్లలు ఆ ఖాళీలోకి వెళ్లి ఉండవచ్చు. అప్పుడు ఎర లేని మడిలో తగ్గుదల, ఎర పెట్టిన మడిలో పెరుగుదల రెండూ ఒకే కారణం వల్ల కలిగినవి అవుతాయి. నేను రెండు వేర్వేరు సంఖ్యలుగా లెక్కించింది ఒకే సంఘం జరిపిన ఒక్క కదలిక కావచ్చు. పునరావృత్తులు స్వతంత్రంగా లేని ప్రయోగంలో ఏ గణాంక పరీక్షకూ అర్థం లేదు. అప్పుడు పట్టిన ఎలుకల వయస్సును, లింగాన్ని నమోదు చేసి ఉంటే కనీసం ఈ అనుమానం తీర్చుకునే అవకాశం ఉండేది. నేను వాటిని నమోదు చేయలేదు.

ఈ తప్పు నా ఒక్కడిదే అయితే ఇక్కడ రాయనవసరం లేదు. సిఫారసు రూపంలో అది రైతు దగ్గరికి చేరుతుంది. 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు జింక్ ఫాస్ఫైడ్ లేదా బ్రోమాడయోలోన్ అని మనం చెబుతాం. రైతు తన పొలంలో పెడతాడు. కొన్ని వారాలకు మళ్లీ నష్టం కనిపిస్తే మందు పనిచేయలేదనుకుంటాడు, లేదా మోతాదు పెంచుతాడు. జింక్ ఫాస్ఫైడ్ తిని బతికిన ఎలుక మళ్లీ ఆ ఎరను ముట్టదన్నది తెలిసినదే. కాని కొత్తగా వచ్చిన పిల్ల ఎలుకకు ఆ అనుభవం లేదు. తిరిగి వచ్చినవి ఎర పట్ల భయం పట్టిన పాతవా, బయటి నుంచి వచ్చిన కొత్తవా అన్నది తెలియకుండా తరువాత ఏ ఎర వాడాలో ఎలా చెప్పగలం? ఈలోగా పెరిగిన ప్రతి మోతాదూ పొలంలో తిరిగే కుక్కకు, గుడ్లగూబకు, ఇంటి చూరులో విషం పొట్లం పెట్టుకునే కుటుంబంలోని పిల్లవాడికి ప్రమాదమే.

ఏమి చేయాలి?

మొదటి మాట విస్తరణకు సంబంధించినది. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం తెలంగాణలో సగటు కమతం ఒక హెక్టారు. ఆ హెక్టారు కూడా చాలా చోట్ల ఒకే తుండుగా ఉండదు. ఇంత చిన్న కమతంలో ఒక్క రైతు ఒంటరిగా చేసే నియంత్రణ, పొరుగు పొలాల పిల్ల ఎలుకలకు ఖాళీ ఇల్లు సిద్ధం చేయడమే అవుతుంది. సామూహిక నియంత్రణ అన్న మాట మన కరపత్రాల్లో ఎప్పటి నుంచో ఉంది. కాని దాన్ని ఒక సదాశయంగా రాస్తున్నాం గాని, అది లేకపోతే మిగిలిన సిఫారసు ఎందుకు విఫలమవుతుందో వివరించడం లేదు. ఒక చెరువు కింది ఆయకట్టును, లేదా ఒక తూము కింది పొలాలను ఒకే యూనిట్‌గా తీసుకొని, నాట్లు పడిన తొలి వారాల్లో, సంతానోత్పత్తి మొదలు కాకముందే, అందరూ ఒకే వారంలో నియంత్రణ చేపట్టాలి. పొట్ట దశ దాటిన తరువాత చేసే ఖర్చులో ఎక్కువ భాగం పిల్లలకు స్థలం చూపడానికే పోతుంది.

రెండవది కలుగు సంగతి. విషం ఎలుకను చంపుతుంది గాని ఇల్లు అలాగే ఉంటుంది. సొరంగాలు, అరలు, దాచిన ధాన్యంతో సహా ఆ ఇల్లు వచ్చేవారి కోసం ఎదురు చూస్తుంది. కోస్తాలోని యానాదులు, తమిళనాడులోని ఇరులలు కలుగును తవ్వి ఎలుకను, పిల్లలను, ధాన్యాన్ని కలిపి బయటకు తీసే పద్ధతిలో ఆ ఇల్లు కూడా పోతుంది. తాజా మట్టిని చూసి ఏ కలుగులో ఎలుక ఉందో చెప్పగల నేర్పు వారిది. మనం దాన్ని జీవనోపాధిగా మాత్రమే చూశాం, నియంత్రణ శాస్త్రంగా చూడలేదు. ఎర పెట్టిన వారం రోజులకు కలుగులన్నీ తవ్వి మూసివేయడం, గట్లను 30 సెంటీమీటర్ల లోపు ఉంచడం, గట్టు చెక్కడం అన్నవి ఎరతో సమానమైన సిఫారసులు కావాలి.

మూడవది, కదలికనే ఆయుధంగా వాడుకోవడం. ఆగ్నేయాసియాలో గ్రాంట్ సింగిల్టన్ తదితరులు అభివృద్ధి చేసిన అడ్డుతెర-బోను పద్ధతిలో, చుట్టుపక్కల కంటే రెండు మూడు వారాలు ముందుగా నాటిన చిన్న ఎర పంట చుట్టూ ప్లాస్టిక్ తెర కట్టి, కింద రంధ్రాల దగ్గర బోన్లు పెడతారు. అలాంటి ఒక చిన్న మడి చుట్టూ ఉన్న 10 నుంచి 15 హెక్టార్లకు రక్షణ ఇస్తుందని అక్కడి అనుభవం. తిరుగుతున్న ఎలుక తానై వచ్చి బోనులో పడుతుంది. మన చెరువుల కింది ఆయకట్టుల్లో, ముందుగా నాటే కొన్ని మడులు ఎప్పుడూ ఉంటాయి. ఆ మడుల రైతులు ఏటా అందరికంటే ఎక్కువ నష్టపోతున్నారు. వారి నష్టాన్ని ఊరి రక్షణగా మార్చవచ్చునా అన్నది పరీక్షించదగిన ప్రశ్న.

నాల్గవది పరిశోధన. జోధ్‌పూర్‌లోని కేంద్ర శుష్క ప్రాంత పరిశోధన సంస్థలో ఈశ్వర్ ప్రకాశ్ వంటి వారు ఎడారి ఎలుకల జీవావరణంపై వేసిన పునాది మనకుంది. మన మారుటేరులోని వరి పరిశోధన కేంద్రంలో ఎలుకల నియంత్రణపై సుదీర్ఘ కృషి జరిగింది. రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ శిక్షణ ఇస్తున్నది. ఈ పునాదిపై మనం చేయవలసినది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. సజీవంగా పట్టి, గుర్తు వేసి వదలడం, మళ్లీ ఎక్కడ పడిందో చూడడం, బరువును బట్టి పిల్ల, పెద్ద అని వేరు చేయడం, ఆడ, మగ నమోదు చేయడం చాలు. మెరిసే పొడి పూసి వదిలితే రాత్రి అది నడిచిన దారి అతినీల లోహిత దీపం వెలుగులో కనిపిస్తుంది. నియంత్రణ తరువాత మొదట వచ్చినవి పిల్లలా, పెద్దవా? మగవా, ఆడవా? అంచు నుంచి లోపలికి ఎన్ని రోజుల్లో చేరాయి? తల్లి బతికి ఉన్న కలుగు పిల్లలు, తల్లి చనిపోయిన కలుగు పిల్లలు ఒకే దూరం వెళ్లాయా? ఒక స్నాతకోత్తర విద్యార్థి రెండు యాసంగి పంటల్లో ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగలడు.

రెండు అభ్యంతరాలు

ఈ అభిప్రాయాన్ని సహోద్యోగులతో చర్చించినప్పుడు రెండు అభ్యంతరాలు వచ్చాయి. ఒకటి, వోల్‌లు, చారల ఎలుకలు మన పందికొక్కు కావు, వాటి ఫలితాలను ఇక్కడ వర్తింపజేయలేం. ఇది సరైన అభ్యంతరమే. ఒంటరిగా నివసించే పందికొక్కు పిల్లలు గుంపుగా నివసించే జాతుల పిల్లల కంటే త్వరగా గూడు విడిచిపోవచ్చు, ఖాళీని ఇంకా వేగంగా ఆక్రమించవచ్చు, లేదా అసలు వేరే విధంగా ప్రవర్తించవచ్చు. అందుకే బయటి ఫలితాలను సిఫారసుగా కాక ప్రశ్నగా ఇక్కడికి తెస్తున్నాను. మనకు వర్తించవు అన్నప్పుడు మనకు వర్తించేవి ఏవో వెతకవలసిన బాధ్యత కూడా మనదే.

రెండవ అభ్యంతరం బలమైనది. కళ్లెదుట పిలకలు తెగిపడుతుంటే, పొరుగువారంతా ఒప్పుకునే దాకా, సంతానోత్పత్తికి ముందు వచ్చే ఆ వారం దాకా ఆగమని కౌలు రైతుకు ఎలా చెబుతాం? చెప్పలేం, చెప్పకూడదు కూడా. ఆ రైతు ఈ రోజు ఎర పెట్టుకోవలసిందే. కాని ఆ ఎరతో ఎంత మేలు, ఎన్ని రోజులు జరుగుతుందో నిజాయితీగా చెప్పవలసిన బాధ్యత మనకుంది. 'మందు పెట్టండి, ఎలుకలు పోతాయి' అనడం వేరు. 'మందు పెట్టండి, వారం తరువాత కలుగులు తవ్వి మూయండి, గట్టు అవతలి రైతు పెట్టకపోతే నెలలోపు మళ్లీ చూసుకోవలసి రావచ్చు' అనడం వేరు. రెండో మాట విన్న రైతు గట్టు అవతలి రైతుతో మాట్లాడే అవకాశం ఎక్కువ.

మన విశ్వవిద్యాలయ పరిశోధన ప్రతిపాదనల సమావేశాల్లో ఎలుకల నియంత్రణ ప్రయోగాలను ఆమోదించే ముందు మూడు ప్రశ్నలు అడగాలని నా విజ్ఞప్తి. ఒక పునరావృత్తికి మరో దానికి మధ్య దూరం పిల్ల ఎలుక వలస దూరం కంటే ఎక్కువగా ఉందా? పట్టిన ప్రతి ఎలుక వయస్సు, లింగం నమోదవుతున్నాయా? నియంత్రణ తరువాత కనీసం ఒక సంతానోత్పత్తి చక్రం పూర్తయ్యే దాకా పరిశీలన కొనసాగుతుందా? ఈ మూడింటికి అవునన్న జవాబు లేని ప్రయోగం మీద సిఫారసు ఇవ్వకూడదు. ఈ ప్రమాణంతో చూస్తే నా పాత ప్రయోగం నిలవదు, ఆ సంగతి ఇక్కడ రాతపూర్వకంగా ఒప్పుకుంటున్నాను.

మా పక్కింటి పెద్దాయనను తరువాత ఒకసారి అడిగాను, పిల్లలు ఇల్లంతా తిరిగినప్పుడు ఏం చేస్తారని. మగ్గం గుంట అంచున, గోడ కింద ఉన్న బొక్కలన్నీ గాజు పెంకులు కలిపిన సిమెంటుతో మూసేశానని, పక్క రెండిళ్ల వారిచేత కూడా మూయించానని చెప్పాడు. తన ఇంటిలోనివి మాత్రమే మూస్తే లాభం లేదని ఆయనకు ఏ ప్రయోగమూ చెప్పలేదు. మనం మన పొలాల్లో ఆ ప్రయోగాన్ని సరిగా చేసి, ఆయన చెప్పినది ఎంతవరకు నిజమో తేల్చవలసి ఉంది.